రెండువందల పది కిలోల బాడీ



ఒక కారులోంచి ఇంజను, చక్రాలు, సీట్లు, అద్దాలు, తలుపులు, వైర్లు అన్నీ తీసేస్తే మిగిలేది దాని బాడీ. అడుగు నేల, పైకప్పు, రెంటినీ పట్టుకుని నిలబడే స్తంభాలు, ముందూ వెనకా ఇంజనునూ చక్రాలనూ మోసే భాగాలు. రంగు పడకముందు, ఒట్టి లోహంగా ఉన్నప్పుడే దాన్ని తూకం వేస్తారు. 1980లలో జపాన్‌లోని హోండా ఇంజనీర్లు తాము కొత్తగా చేయబోయే స్పోర్ట్స్ కారుకు ఉక్కు బాడీ కడితే ఎంత తూగుతుందో లెక్క వేశారు. సుమారు 350 కిలోలు అని తేలింది. చివరికి వాళ్లు తయారుచేసిన బాడీ తూగింది సుమారు 210 కిలోలు. ఆ ఒక్కచోటే 140 కిలోలు తగ్గాయి.

ఆ కారు పేరు ఎన్‌ఎస్‌ఎక్స్. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు. 1990లో అమ్మకాలు మొదలయ్యాయి. చాసిస్, బాడీ విడివిడిగా లేకుండా ఒకే గూడులా కట్టే పద్ధతిని మోనోకాక్ అంటారు. ఆ గూడు మొత్తాన్నీ, పైన కనిపించే రేకులతో పాటు లోపలి ఎముకలను కూడా, అల్యూమినియంతో చేసి, ఫ్యాక్టరీలో వరసగా తయారుచేసి జనానికి అమ్మిన మొదటి కారుగా ఎన్‌ఎస్‌ఎక్స్‌ను చెప్పుకుంటారు. అల్యూమినియం తేలిక లోహం కాబట్టి కారు తేలికైంది, ఇందులో వింతేముంది అని ఎవరైనా అనొచ్చు. ఉక్కు తీసేసి ఆ స్థానంలో అల్యూమినియం పెడితే కారు తేలికగా అయితే అవుతుంది, కానీ పనికిరాకుండా పోతుంది. ఆ 140 కిలోలు తగ్గడానికి గీతల బల్ల దగ్గర్నుంచి రంగుల గది వరకు ఏమేం మారాల్సి వచ్చిందో ఈ ప్రసంగంలో చెబుతాను.

ముందు, బరువు మీద అంత పట్టుదల ఎందుకో చూద్దాం.

స్పోర్ట్స్ కారు అనగానే మనం అడిగేది హార్స్‌పవర్ ఎంత అని. అయితే ఆ బలం కారు ముందుకు దూకేటప్పుడే పనికొస్తుంది. బ్రేకు తొక్కాక దానితో పనిలేదు. మలుపులో కారు తిన్నగా పోవాలని చూస్తుంది, టైర్లు దాన్ని లోపలికి లాగుతుంటాయి. కారు బరువు పెరిగితే రోడ్డు మీద టైరు పట్టు కూడా కొంత పెరుగుతుంది, నిజమే. కానీ బరువు పెరిగినంతగా పట్టు పెరగదు. అందుకే బరువైన కారు ఎంత బలమైనదైనా మలుపుల్లో వెనకబడుతుంది. బరువు తగ్గిస్తే పరుగులో, ఆగడంలో, మలుపులో, మూడు చోట్లా లాభం కనిపిస్తుంది.

పైగా తేలికదనం తేలికదనాన్ని పిలుస్తుంది. బాడీ తేలికైతే దాన్ని ఆపడానికి అంత పెద్ద బ్రేకులు అక్కర్లేదు. చక్రాల దగ్గర బరువు తగ్గితే వాటిని పట్టుకునే సస్పెన్షన్ చేతులు సన్నబడతాయి. ఎన్‌ఎస్‌ఎక్స్‌లో ఆ చేతులను కూడా అల్యూమినియంతోనే చేశారు. ఇంజను దిమ్మె అల్యూమినియమే. ఇంజను లోపల పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌తో కలిపే కడ్డీలను టైటానియంతో చేశారు. బాడీతో పాటు ఇలాంటి భాగాలన్నీ కలిపి, ఉక్కు కారుతో పోలిస్తే దాదాపు 200 కిలోలు తగ్గించామని హోండా చెప్పింది. బరువు పెరగడం కూడా ఇదే వరసలో జరుగుతుంది. ఒకచోట పది కిలోలు వదులుగా వదిలేస్తే, ఆ పదిని మోయడానికి మరోచోట రెండు, ఇంకోచోట ఒకటి చేరుతూ పోతాయి.

కార్లకు అల్యూమినియం వాడటం హోండాతో మొదలైంది కాదు. ఇటలీలోని మిలాన్‌లో ఫెలిచే బియాంకీ అండెర్లోనీ నడిపిన కరోత్సేరియా తూరింగ్ అనే బాడీ కార్ఖానా 1930లలోనే సూపర్‌లెజేరా అనే పద్ధతి పట్టుకొచ్చింది. సన్నటి ఉక్కు గొట్టాలతో గూడు కట్టి, దాని మీద పల్చటి అల్యూమినియం రేకులు కప్పేవారు. ఆ తర్వాత మోదెనాలో స్కాల్యెత్తి కార్ఖానా పనివాళ్లు ఇసుక సంచుల మీద రేకును సుత్తితో కొట్టి కొట్టి ఫెరారీలకు ఒంపులు తెచ్చారు. ఆ చేతిపని అందాన్ని ఇవాళ్టికీ ఏ యంత్రమూ అందుకోలేదని నేననుకుంటాను. అయితే ఆ కార్లలో అల్యూమినియం ఒంటి మీద బట్ట మాత్రమే. బరువు మోసే ఎముక కింద ఉన్న ఉక్కే. అల్యూమినియాన్ని పెద్ద సంఖ్యలో కార్లకు వాడబోయిన వాళ్లూ లేకపోలేదు. ఫ్రాన్స్‌లో పానార్ కంపెనీ 1950లలో డైనా జెడ్ అనే మామూలు కుటుంబ కారును అల్యూమినియం బాడీతో మొదలుపెట్టి, ఖర్చు తట్టుకోలేక ఉక్కుకు మళ్లింది.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. కాస్త లెక్క ఉంది, కానీ ఈ లెక్క తెలియకపోతే హోండా వాళ్ల శ్రమ అర్థం కాదు.

అల్యూమినియం ఘనసెంటీమీటరుకు 2.7 గ్రాములు తూగుతుంది, ఉక్కు 7.85 గ్రాములు. అంటే బరువు దాదాపు మూడో వంతు. ఇది అందరికీ తెలుసు. తక్కువ మందికి తెలిసింది ఏమిటంటే, అల్యూమినియం బిరుసు కూడా ఉక్కులో మూడో వంతే. బలం వేరు, బిరుసు వేరు. ఎంత భారం పడితే లోహం శాశ్వతంగా వంగిపోతుందో, తెగుతుందో చెప్పేది బలం. భారం పడ్డప్పుడు అది ఎంత సాగుతుందో, ఎంత ఊగుతుందో చెప్పేది బిరుసు. బలాన్ని పెంచుకోవచ్చు. మెగ్నీషియం, సిలికాన్, జింకు, రాగి లాంటివి కలిపి, సరైన వేడి ఇచ్చి కొన్నిరకాల అల్యూమినియాన్ని మామూలు ఉక్కు కంటే బలంగా చేయొచ్చు. విమానాలు ఎగిరేది ఆ బలంతోనే. బిరుసును మాత్రం పెంచలేం. ఏం కలిపినా అది 70 గిగాపాస్కల్‌ల దగ్గరే ఉంటుంది. ఉక్కుది సుమారు 210.

అందుకని ఉక్కు బాడీ కొలతలే తీసుకుని, అదే మందం అల్యూమినియం రేకుతో కారు కట్టామనుకోండి. అది మూడింతలు తేలిగ్గా ఉంటుంది, మూడింతలు ఎక్కువ ఊగుతుంది. అలాంటి కారును వేగంగా నడపలేం. మలుపులో బాడీ మెలి తిరిగితే చక్రాలు ఉండాల్సిన కోణంలో ఉండవు. డ్రైవరు స్టీరింగు తిప్పిన క్షణానికీ కారు తిరిగిన క్షణానికీ మధ్య జాప్యం వస్తుంది. ఆ జాప్యం చేతులకు తెలుస్తుంది.

దారి ఎక్కడుందంటే మందంలో ఉంది. ఒక రేకు మందాన్ని రెట్టింపు చేస్తే దాన్ని వంచడం రెండింతలు కాదు, ఎనిమిదింతలు కష్టమవుతుంది. వంపుకు ఎదురునిలిచే గుణం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి ఒక మిల్లీమీటరు ఉక్కు రేకు బదులు సుమారు 1.44 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు వాడితే వంపు విషయంలో రెండూ సమానం. అప్పుడు బరువు ఎంత? 1.44ను మూడో వంతుతో గుణిస్తే దాదాపు సగం. అంటే ఉక్కులో సగం బరువుకు అంతే బిరుసు వస్తుంది.

కానీ ఇది బల్లపరుపు రేకును వంచినప్పటి లెక్క. అదే రేకును రెండు కొసలా పట్టి లాగితే ఈ లాభం ఏమీ మిగలదు. మూడో వంతు బరువు, మూడో వంతు బిరుసు, చెల్లుకు చెల్లు. అందువల్ల అల్యూమినియం బాడీలో లాభమంతా ఆకారంలోంచే రావాలి. లోహాన్ని మధ్యలో కుప్పపోయకుండా అంచులకు జరపాలి. దూలాలు వెడల్పుగా, లోపల బోలుగా ఉండాలి. ఒక దూలం ఇంకో దూలాన్ని కలిసే మూలలు గట్టిగా ఉండాలి. ఉక్కు కారు నమూనాను పక్కన పడేసి మొదటి గీత నుంచి గీయాలి. ఎన్‌ఎస్‌ఎక్స్ ప్రాజెక్టుకు నాయకత్వం వహించిన షిగెరు ఉయెహారా బృందం చేసింది అదే. ఏ చోట ఎంత భారం పడుతుందో క్రే సూపర్‌కంప్యూటర్ మీద లెక్కలు కట్టారు. ఆ రోజుల్లో అలాంటి యంత్రం కార్ల కంపెనీలకు మామూలు పనిముట్టు కాదు.

వాళ్లు ఒకే రకం అల్యూమినియం కూడా వాడలేదు. లోపలి ఎముకల గూటికి మెగ్నీషియం కలిసిన రకం ఎంచుకున్నారు. అది చక్కగా సాగుతుంది, వెల్డింగుకు లొంగుతుంది. పైరేకులకు మెగ్నీషియం, సిలికాన్ రెండూ కలిసిన రకం తీసుకున్నారు. ఈ రెండో రకానికి ఒక గొప్ప గుణం ఉంది. ప్రెస్సులో ఒత్తేటప్పుడు మెత్తగా ఉండి అడిగిన ఒంపు తిరుగుతుంది. తర్వాత రంగు వేసి పొయ్యిలో ఆరబెట్టినప్పుడు, ఆ వేడికే లోపల సన్నటి రేణువులు ఏర్పడి గట్టిపడుతుంది. రంగు ఆరడమూ, రేకు సొట్టలకు తట్టుకునేలా ముదరడమూ ఒకే పొయ్యిలో, ఒకే వేడితో జరిగిపోతాయి.

తలుపుల కింద, మనం కారెక్కేటప్పుడు కాలు దాటించే చోట, రెండు పక్కలా పొడవాటి దూలాలుంటాయి. బాడీ మెలి తిరగకుండా ఆపేవాటిలో ముఖ్యమైనవి అవే. వాటిని రేకులు మడిచి అతికించకుండా, వేడిచేసిన అల్యూమినియం దిమ్మెను అచ్చులోంచి నెట్టి తయారుచేశారు. జంతికల గొట్టంలో పిండి నొక్కితే బిళ్లకు ఏ ఆకారపు కన్నం ఉంటే ఆ ఆకారంలో జంతిక దిగినట్టే ఇదీ. లోపల అడ్డగోడలతో సహా, ఎక్కడ భారం ఎక్కువో అక్కడ మందంగా, తక్కువైన చోట పల్చగా, అతుకు లేకుండా ఒకే ముక్కగా దూలం బయటికొస్తుంది. ఉక్కుతో ఈ పని ఇంత సులువు కాదు. ఉక్కు చేయలేనిది తాను చేయగల చోట అల్యూమినియాన్ని వాడుకోవడం అంటే ఇదే. ఈ కారులో నాకు అన్నిటికంటే నచ్చిన భాగమేదని అడిగితే ఎవరి కంటా పడని ఈ దూలాన్నే చూపిస్తాను.

ఇన్ని లెక్కలు కట్టినా మొదటి నమూనా సరిపోలేదు. 1989లో మెక్‌లారెన్-హోండా ఫార్ములా వన్ డ్రైవర్ అయర్టన్ సెన్నా సుజుకా సర్క్యూట్‌లో ఆ నమూనాను నడిపాడు. బాడీ ఇంకా నాజూగ్గా అనిపిస్తోందని చెప్పాడు. ఇంజనీర్లు ఆ మాటను కొట్టిపారేయలేదు. కారును జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్‌కు తీసుకెళ్లారు. అడవి కొండల మధ్య 20 కిలోమీటర్లకు పైగా పొడవున్న పాత ట్రాక్ అది. ఎత్తుపల్లాలూ, గుడ్డి మలుపులూ, కారును గాల్లోకి లేపే గుట్టలూ అన్నీ ఉన్నాయి. అక్కడ నెలల తరబడి నడిపారు, కొలిచారు, ఎక్కడ వంగుతోందో వెతికారు, ఆ చోట్ల బలపరిచి మళ్లీ నడిపారు. మొదటి నమూనాతో పోలిస్తే బాడీ బిరుసు 50 శాతం దాకా పెరిగింది. ఊగుతోందంటే ప్రతిచోటా ఇంత లోహం వేసేయడం తేలిక దారి. ఆ దారిన పోతే పొదుపు చేసిన 140 కిలోలు కరిగిపోయేవి. అవసరమైన మూలల్లోనే లోహం చేర్చి ఇంత బిరుసు తేవడం ఓపికతో కూడిన పని.

ఇక తయారీ. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే.

ఈ కారు కోసం హోండా తొచిగి ప్రాంతంలోని తకనెజవాలో ప్రత్యేకంగా ఒక ఫ్యాక్టరీ పెట్టింది. కంపెనీ ఇతర ప్లాంట్ల నుంచి కనీసం పదేళ్ల అనుభవమున్న సుమారు 200 మందిని ఏరి తెచ్చింది. మహా అయితే రోజుకు 25 కార్లు. మామూలు ఫ్యాక్టరీలో గంటలోపే తయారయ్యే సంఖ్య అది. అంత నెమ్మది ఎందుకంటే ఆ లోహం అడుగడుగునా కొత్త మర్యాదలు కోరుతుంది.

ఉక్కు రేకులను ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు అయస్కాంతాలతో ఎత్తుతారు. అల్యూమినియం అయస్కాంతానికి అంటదు, గాలి పీల్చే కప్పులతో ఎత్తాలి. ప్రెస్సులో ఒత్తి వదిలాక ప్రతి రేకూ కొంచెం వెనక్కి తేరుకుంటుంది. బిరుసు తక్కువ కాబట్టి అల్యూమినియం ఉక్కు కంటే చాలా ఎక్కువ తేరుకుంటుంది. అది ఎంత తేరుకుంటుందో ముందే ఊహించి అచ్చును ఆ మేరకు ఎక్కువ వంపుతో చెక్కాలి. ఉక్కుతో పోలిస్తే దానికి సాగే గుణం కూడా తక్కువే, పదునైన మూలల దగ్గర చిరుగుతుంది. అచ్చుకు అంటుకుని గీతలు పడుతుంది. ఎక్కడైనా చిన్న రజను ఉంటే ఆ మెత్తటి రేకు మీద గుర్తు పడిపోతుంది.

వెల్డింగు దగ్గర ఇంకో సంకటం. అల్యూమినియానికి గాలి తగిలిన క్షణంలోనే పైన ఒక ఆక్సైడ్ పొర కడుతుంది. కంటికి కనిపించనంత పల్చటి పొర. లోపలి లోహం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఆ పొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. పొరను తొలగించకుండా వేడిచేస్తే లోపల లోహం నీరైపోతుంది, పైన తెర మాత్రం చెక్కుచెదరదు. పైగా అల్యూమినియం కరెంటునూ వేడినీ బాగా ప్రవహించనిస్తుంది. ఉక్కులో ఒకచోట పెట్టిన వేడి అక్కడే కాసేపు నిలుస్తుంది, ఇందులో చుట్టూ పారిపోతుంది. కాబట్టి స్పాట్ వెల్డింగుకు ఉక్కు కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ కరెంటును, అంతకంటే తక్కువ సమయంలో, తూకం తప్పకుండా పంపాలి. వెల్డర్‌కు కన్ను ఇచ్చే సాయం కూడా ఉండదు. ఉక్కు కరగబోయే ముందు ఎర్రగా, ఆ తర్వాత పసుపుగా మారి హెచ్చరిస్తుంది. అల్యూమినియం రంగు మారకుండానే ఉన్నట్టుండి జారిపోతుంది. ఆ క్షణాన్ని చేతితో, అలవాటుతో పట్టుకోవాల్సిందే. పదేళ్ల అనుభవమున్న వాళ్లను ఎందుకు ఏరారో ఇక్కడ తెలుస్తుంది. వాళ్ల పేర్లు ఏ ప్రకటనలోనూ లేవు. సెన్నా పేరు ఈ కారుతో ఎంత ముడిపడిందో, ఆ చేతులు కూడా అంతే ముడిపడ్డాయి.

రంగు వేయడానికి ముందు బాడీని క్రోమేట్ పూతతో సిద్ధం చేసేవారు. విమానాల అల్యూమినియానికి వాడే పద్ధతి అది. మొత్తం రంగుల పని 23 దశల్లో సాగేదని హోండా చెప్పింది. ఇంకో జాగ్రత్త కూడా తప్పదు. ఇనుమూ అల్యూమినియమూ నేరుగా తగిలి, మధ్యలో తేమ చేరితే అక్కడ చిన్న బ్యాటరీ పుడుతుంది. అందులో తరిగిపోయేది అల్యూమినియమే. ఉక్కు బోల్టు బిగించే ప్రతిచోటా ఆ రెండు లోహాలను విడదీసే పూతో, వాషరో ఉండాలి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. తేలిక కారు గురించి మాట్లాడుతూ ఆ లోహం ఎక్కణ్నుంచి వస్తుందో చెప్పకపోతే సగమే చెప్పినట్టు. బాక్సైట్ నుంచి అల్యూమినా, అల్యూమినా నుంచి అల్యూమినియం. ఈ చివరి మెట్టులో ఒక్క కిలో లోహానికి 14, 15 యూనిట్ల కరెంటు అవుతుంది. బాక్సైట్ మన తూర్పు కనుమల్లో ఉంది. ఒడిశాలోని కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో నాల్కో కంపెనీ తయారుచేసే అల్యూమినా మన విశాఖపట్నం రేవు నుంచే విదేశాలకు ఓడ ఎక్కుతుంది. చింతపల్లి వైపు కొండల్లో తవ్వకాలకు దారి తెరుస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015లో ఇచ్చిన జీవో 97ను గిరిజనులు ఎంతగా వ్యతిరేకించారో, 2019లో అది ఎలా రద్దయిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఈ లోహానికి ఊరట ఏమిటంటే, ఒకసారి పుట్టిన అల్యూమినియాన్ని మళ్లీ కరిగించి వాడటానికి మొదటి ఖర్చులో దాదాపు 5 శాతం శక్తి చాలు. ప్రెస్సు కింద రాలిన ప్రతి కత్తిరింపు ముక్కనూ రకాలవారీగా వేరుచేసి వెనక్కి పంపే ఫ్యాక్టరీ మీద నాకు గౌరవం. కొండను తవ్వి తెచ్చిన దాన్ని చెత్తలో కలపడం నాకు తప్పుగానే తోస్తుంది.

ఇంత చేశాక బయటికొచ్చిన కారు ఎలా ఉంది? జపాన్‌లో అమ్మిన మాన్యువల్ గేరు కారు 1,350 కిలోలు తూగింది. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను సీట్ల వెనక, నిమిషానికి 8,000 చుట్ల దాకా తిరిగేది. డ్రైవరు చుట్టూ ఉండే అద్దాల గదిని ఎఫ్-16 యుద్ధ విమానాన్ని చూసి రూపొందించారు. సన్నటి స్తంభాలు, విశాలమైన చూపు. అమెరికాలో ధర 60,000 డాలర్ల చుట్టూ మొదలైంది. ఎయిర్ కండిషనర్ పనిచేసే, రోజూ ఆఫీసుకు నడుపుకోగల, నడిరోడ్డు మీద ఆగిపోని స్పోర్ట్స్ కారు. అలాంటి స్పోర్ట్స్ కార్లు అరుదుగా ఉన్న రోజులవి. మెక్‌లారెన్ ఎఫ్1 అనే మహా వేగవంతమైన కారును రూపొందిస్తున్న గోర్డన్ మర్రే, రోడ్డు మీద నడతకూ సుఖానికీ ఎన్‌ఎస్‌ఎక్స్‌ను తన కొలబద్దగా పెట్టుకున్నాడు. సొంతానికి కూడా ఒకటి కొని ఏళ్ల తరబడి నడిపాడు. తన కారును కార్బన్ ఫైబర్‌తో, ఎంతో పెద్ద ఇంజనుతో కట్టబోతున్న మనిషి దాన్ని గురువుగా భావించడం చిన్న మాట కాదు.

1992లో హోండా ఇంకో అడుగు వేసింది. ఎన్‌ఎస్‌ఎక్స్-ఆర్ పేరుతో జపాన్‌కు మాత్రమే ఒక కారు విడుదల చేసింది. బలం పెంచలేదు. శబ్దం ఆపే పూతలూ, ఎయిర్ కండిషనరూ, స్పేర్ చక్రమూ తీసేశారు. తేలికపాటి సీట్లు పెట్టారు. అప్పటికే తేలికైన కారులోంచి ఇంకో 120 కిలోలు తగ్గి 1,230కి దిగింది. దాన్ని ఇంజను బలం కోసం కొన్నవాళ్లు లేరు.

దారి తెరుచుకున్నాక మిగతావాళ్లు వచ్చారు, ఎవరి పద్ధతిలో వాళ్లు. 1994లో ఆడి ఎ8 వచ్చింది. అచ్చులోంచి నెట్టిన దూలాలనూ పోతపోసిన మూలలనూ కలిపి గూడు కట్టి దానికి రేకులు బిగించారు. 1999లో ఫెరారీ కూడా 360 మోదెనాతో ఉక్కును వదిలి అల్యూమినియం గూటికి మారింది. ముందటి కారు కంటే గూడు 28 శాతం తేలిక, 40 శాతం బిరుసు అని చెప్పుకుంది.

వీటన్నిటిలో నన్ను ఆపి ఆలోచింపజేసేది 1996 నాటి లోటస్ ఎలీస్. ఇంగ్లండులోని చిన్న కంపెనీ, డబ్బు తక్కువ. వెల్డింగు చేసిన అల్యూమినియానికి ఒక బలహీనత ఉంటుంది. వేడిచేసి గట్టిపరచిన లోహానికి అతుకు దగ్గర మళ్లీ వేడి తగిలితే ఆ గట్టితనం పోతుంది. అందుకోసం అక్కడ గోడ మందం పెంచాల్సి వస్తుంది. లోటస్ ఇంజనీర్లు వెల్డింగునే మానేశారు. దూలాలను ఎపాక్సీ జిగురుతో అంటించారు. జిగురు లాగడానికి, జారడానికి బాగా తట్టుకుంటుంది కానీ అంచు నుంచి ఒలిస్తే ఊడుతుంది. అందుకని కొసల్లో మరలు బిగించారు. మొత్తం చాసిస్ 68 కిలోలు. ఒక మనిషి బరువున్న చాసిస్‌తో మలుపుల్లో తనకు రెట్టింపు బలమున్న కార్లను వెనక్కి నెట్టే కారు చేశారు. హోండా వందల మంది నిపుణులతో చేసిన పనిని లోటస్ గొట్టాలూ జిగురూ పెట్టి మరో తోవలో సాధించింది. ఇందులో ఏది గొప్ప అంటే చెప్పలేను. రెండు చోట్లా లోహం గుణాన్ని మొదట చదివారు, తర్వాతే గీత గీశారు.

ఎన్‌ఎస్‌ఎక్స్ తయారీ 2005 వరకు సాగింది. ప్రపంచమంతా కలిపి సుమారు 18,000 కార్లు. వాటి బాగోగులు కూడా ఈ లోహంతోనే ముడిపడి ఉన్నాయి. మన దగ్గర టింకరింగ్ షెడ్డులో ఉక్కు తలుపుకు పడ్డ సొట్టను వేడిచేసి, లాగి, సుత్తితో తట్టి సరిచేస్తారు. అల్యూమినియం రేకు ఒకసారి సాగితే అంత మాట వినదు. గ్యాసు మంట ఎక్కువైతే రేకు కన్నం పడుతుంది. ఉక్కును గీకిన ఆకురాయినీ బ్రష్షునూ దీనికి వాడితే ఆ రజను రేకులో దిగి తర్వాత తినేస్తుంది. అందుకే పెద్ద వర్క్‌షాపుల్లో అల్యూమినియం కార్లకు వేరే గది, వేరే పనిముట్లు, తెర కట్టి విడిచిన చోటు ఉంటాయి. ఇంకో భయం కూడా ఉంది. చిన్న చిన్న ఒత్తిళ్లు ఒక హద్దు లోపల ఉంటే ఉక్కు ఎన్ని లక్షల సార్లైనా ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి ఆ హద్దు లేదు, చిన్న ఒత్తిడి కూడా లెక్కలో చేరుతుంది. కాబట్టి మోసే భాగాలను మొదటి నుంచే ఉదారంగా లెక్కగట్టాలి. మరోపక్క, ఉక్కు కార్లను లోపల్నుంచి తినేసే తుప్పు బాధ దీనికి లేదు.

ఇవన్నీ తెలిసే హోండా 1993లో ఎన్‌ఎస్‌ఎక్స్ యజమానుల కోసం రిఫ్రెష్ ప్లాన్ అనే ఏర్పాటు మొదలుపెట్టింది. యజమాని కారును కంపెనీకే పంపితే, ఆ కారు పనిలో ఆరితేరిన వాళ్లు దాన్ని విప్పి, అరిగిన రబ్బర్లు మార్చి, సస్పెన్షన్‌నూ ఇంజనునూ చూసి, అవసరమైతే రంగు కూడా వేసి తిరిగి అప్పగించేవారు. అమ్మకాలు ఆగిపోయాక కూడా ఆ పని ఆగలేదు. 1990లలో తకనెజవా నుంచి బయటికెళ్లిన బాడీలు పదిహేనేళ్లకు, ఇరవయ్యేళ్లకు బల్ల మీదికి వచ్చేవి. చేయాల్సిన పని ఎక్కువగా రబ్బరుతోనూ, ప్లాస్టిక్‌తోనూ, వైర్లతోనూ ఉండేది.